చూలాలి మధుమేహము – నోటిమాత్రల మంచిచెడ్డలు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆర్కన్సా అను రాష్ట్రము గలదు. దాని వాయవ్యమూలను, ఓజార్క్ కొండల చెంత, బెంటన్‌విల్ అను పట్టణమున్నది. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆ ప్రాంతము ఆపిలు తోటలకు పేరుపొందినది. తోటల సీమలో పుట్టి పెరిగిన మన పాఠకులకు ఈ మాట వినసొంపుగనే యుండును. ఆ తోటలు చాలవరకు అంతరించినవి. 1950లో సామ్ వాల్టన్ అను వర్తకుడు ఆ పట్టణపు నడిబొడ్డున చిన్న అంగడి తెరచెను. 1962లో ప్రక్కనున్న రోజర్స్ పట్టణమున వాల్‌మార్ట్ మొదటి దుకాణము వెలసెను. నేడు ఆ మహాసంస్థ ప్రధాన కార్యాలయము బెంటన్‌విల్‌లోనే యున్నది. దానిలోను, దానికి సరకు లమ్ము సంస్థలలోను కంప్యూటరు పనులకై వచ్చిన తెలుగువారు అక్కడ కాపురము లేర్పరచుకొనిరి. కాపురములున్నచోట సీమంతములును, పురుళ్ళును ఉండునుగదా!

ఆ పురుళ్ళ సందర్భమున ఇంటింటను వినవచ్చు ప్రశ్న యొకటి గలదు. గర్భిణికి రక్తములో చక్కెర యెక్కువైనదని డాక్టరు చెప్పినపుడు సూది వేసికొనవలెనా, మాత్ర మ్రింగిన చాలునా? మాత్ర మ్రింగినచో కడుపులోని బిడ్డకు కీడు కలుగునా? కాన్పు అయిన పిదప ఆ మాత్ర యేమి కావలెను? ఇది బెంటన్‌విల్ వారి ప్రశ్న మాత్రమే కాదు. మన తోటలలోని లైను ఇండ్ల నుండి విజయవాడ, వరంగల్లు వరకు తెలుగు స్త్రీలు అడుగుచున్న ప్రశ్నయే. కాని ఆ మాత్రను కారుచౌకగా అమ్మిన అంగడికి పుట్టినిల్లు బెంటన్‌విల్ అగుటచే అక్కడినుండియే ఈ ముచ్చట మొదలిడుచున్నాము.

మా అభిప్రాయమును ముందుగనే మనవి చేయుదుము. కడుపుతో నున్నపుడు మాత్ర మ్రింగవచ్చునా యని జరుగు చర్చ మిక్కుటము. కాన్పు పిదప మాత్ర యేమైన మేలు చేయునా యని అడుగువారు మిక్కిలి అరుదు. ఈ శ్రద్ధ తారుమారుగా నున్నదని మా తలంపు. కారణములు క్రమముగా విన్నవింతుము. వైద్యుని మాటకు బదులుగా దీనిని వ్రాయుట లేదు. వైద్యుని యొద్దకు పోయినపుడు ఏమి యడుగవలెనో తెలియుటకై వ్రాయుచున్నాము.

గర్భము ఎదుగుచుండగా మావి కొన్ని హార్మోనులను పుట్టించును. అవి తల్లి శరీరములో ఇన్సులిన్ పనిని మందగింపజేయును. బిడ్డకు ఆహారము కొరత పడకుండ ప్రకృతి చేసిన యేర్పాటు ఇది. పలువురు తల్లులకు క్లోమగ్రంథి మరింత ఇన్సులిన్ స్రవించి సరిపెట్టును. కొందరికి చాలదు. సాధారణముగా 24వ వారము దాటిన పిదప చక్కెర హెచ్చును. దీనినే గర్భకాల మధుమేహ మందురు. ఈ రోగనిర్ణయమునకు అంకెలను మొదట శాస్త్రీయముగా నిర్ణయించినవారు అమెరికాలోని బోస్టన్ నగరమునకు చెందిన ఓసల్లివన్, మహాన్ అను ఇరువురు. వారి వ్యాసము 1964లో వెలువడెను. 752 మంది గర్భిణుల రక్తపరీక్షలు దానికి ఆధారము. వారు ఆ అంకెలను నిర్ణయించినది బిడ్డకు కలుగు అపాయమును బట్టి కాదు, ఆ తల్లులలో ఎవరికి తరువాతి కాలమున శాశ్వత మధుమేహము వచ్చునను విచారణను బట్టి. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము.

బిడ్డ సంగతి డెన్మార్కు దేశపు వైద్యుడు పెడెర్సన్ 1950 దశకమున విశదపరచెను. తల్లి రక్తములోని చక్కెర మావిని దాటి బిడ్డకు చేరును. తల్లి ఇన్సులిన్ మాత్రము దాటదు. వచ్చిపడు చక్కెరను అరికట్టుటకు బిడ్డ తన క్లోమము నుండియే ఇన్సులిన్ అధికముగా పుట్టించుకొనును. దానితో కొవ్వు చేరి బిడ్డ బలిసి, భుజములు వెడల్పై, కాన్పు కష్టమగును. బొడ్డు కోసిన వెంటనే తల్లి చక్కెర ఆగిపోవును, బిడ్డ ఇన్సులిన్ ఆగదు. అందుచే పుట్టిన కొద్ది గంటలలో శిశువు రక్తములో చక్కెర అపాయకరముగా పడిపోవచ్చును. మావిని ఏది దాటును, ఏది దాటదు అను ఈ విషయమే నోటిమాత్రల వివాదమునకంతకును మూలము.

పరీక్ష విషయమున దేశదేశమునకు పద్ధతి వేరు. భారతదేశములో మద్రాసు వైద్యుడు శేషయ్యగారు ప్రచారము చేసిన పద్ధతి సులభమైనది. గర్భిణి భోజనము చేసి వచ్చినను, పరగడుపున వచ్చినను, 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి త్రాగించి, రెండు గంటలకు ఒక్కసారి రక్తము తీసి చూతురు. డెసిలీటరునకు 140 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్నచో వ్యాధి యున్నట్లే. దూరపు పల్లెనుండి వచ్చిన స్త్రీని, రేపు ఏమియు తినక మరల రమ్మనిన రాదని ఆయన యెరుగును. బెంటన్‌విల్ వంటి అమెరికా పట్టణములలో వాడుకలో నున్న పద్ధతి వేరు. మొదట 50 గ్రాములు త్రాగించి గంటకు చూతురు. 130 గాని 140 గాని దాటినచో మరియొక నాడు పరగడుపున 100 గ్రాములు త్రాగించి, మూడు గంటలలో నాలుగు పర్యాయములు రక్తము తీయుదురు. వానిలో రెండు అంకెలు మితి మించవలెను. అందువలన ఒకే స్త్రీకి గుంటూరులో ‘ఉన్నది’ అనియు, బెంటన్‌విల్‌లో ‘లేదు’ అనియు చెప్పుట సంభవించును. ఇందులో ఎవరును తప్పు చెప్పుట లేదు. కొలబద్దలు వేరు, అంతియే. మన జాతివారికి సన్నగా నున్నను ఈ వ్యాధి వచ్చును గనుక, ఆసియా సంతతి వారికి బరువు సూచిక 23 దాటిననే మధుమేహ పరీక్ష చేయవలెనని అమెరికా మధుమేహ సంఘము 2015లో సూచించినది. తెల్లవారికి ఆ సూచిక 25.

వ్యాధి కనబడినంత మాత్రమున మందు పుచ్చుకొనవలసిన పని లేదు. నూటికి 70 నుండి 85 మందికి ఆహారనియమము, నడక చాలునని పై సంఘమువారే చెప్పుచున్నారు. ఇచట మన ఆచారములను గూర్చి ఒక మాట. సూడిదలని మిఠాయిల పళ్ళెరములు, చలిమిడి, పాకముండలు, రెండు పూటల వరియన్నము, దానిపై ‘ఇద్దరికోసము తినవలెనమ్మా’ అను బుజ్జగింపు! ప్రేమతో పెట్టునదియే గాని, చక్కెర వ్యాధి గల చూలాలికి అది భారము. చలిమిడి ముద్ద నోట తాకించి శాస్త్రము జరిగినదనిపించుకొనుటకు ఏ పెద్దముత్తైదువయు ఆక్షేపించదని మా నమ్మకము. అన్నము తగ్గించి, పప్పు, కూర, పెరుగు పెంచి, భోజనానంతరము పావుగంట నడచినచో కనబడు ఫలితము కొందరిని ఆశ్చర్యపరచును. పరగడుపున 95 లోపు, భోజనము పిదప గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు నిలిచినచో మందు ప్రసక్తియే యుండదు. ఒకటి రెండు వారములు ఇట్లు నడచినను అంకెలు దిగనిచో అప్పుడు వచ్చును, సూదియా మాత్రయా అను సందేహము.

ఇన్సులిన్‌ను గూర్చి తగవు లేదు. 1922లో టొరాంటో నగరమున మొదటి రోగికి ఇచ్చిన నాటినుండి అది మధుమేహము గల తల్లులకు ప్రాణదాతయైనది. అది మావిని దాటదు. కాని సూది గ్రుచ్చుకొనవలెను, మోతాదు తరచు సరిచూడవలెను, చక్కెర మరీ పడిపోకుండ కాచుకొనవలెను.

మాత్రల కథ వంకరటింకరగా నడచినది. 1950 దశకపు చివర టోల్‌బ్యుటమైడ్, క్లోర్‌ప్రొపమైడ్ అను మాత్రలు అంగడికి వచ్చినవి. గర్భిణుల కిచ్చి చూడగా, ముఖ్యముగా క్లోర్‌ప్రొపమైడ్ వలన పుట్టిన బిడ్డలకు దినముల తరబడి చక్కెర పడిపోవుట సంభవించినది. ‘గర్భములో మాత్ర కూడదు’ అని మన నాయనమ్మల నాటి డాక్టర్లు కఠినముగా చెప్పుటకు ఇదియే కారణము. అది మూఢనమ్మకము కాదు. అయినను ఇన్సులిన్ దొరకనిచోట ఏమి చేయవలెను? దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వైద్యులు కూట్సీ, జాక్సన్ అను వారు 1970 దశకముననే మెట్‌ఫార్మిన్ మాత్రను గర్భిణులకు వాడి చూచి, 1979లో తమ అనుభవమును ప్రకటించిరి. వేరు దేశములవారు చాలకాలము దానిని పట్టించుకొనలేదు.

అమెరికాలో గాలి మరలినది 2000 సంవత్సరమున. టెక్సాసు రాష్ట్రములో లాంగర్ అను వైద్యుడు 404 మంది గర్భిణులలో సగముమందికి గ్లైబ్యురైడ్ మాత్రయు, సగముమందికి ఇన్సులిన్‌ను ఇచ్చి, ఫలితములు సమానముగ నున్నవని ప్రకటించెను. మన దేశమందు గ్లిబెన్‌క్లమైడ్ అనుపేర నెరిగినది ఆ మాత్రయే. బొడ్డుతాడు రక్తములో మందు జాడయే కానరాలేదని కూడ ఆయన వ్రాసెను. ఇక చెప్పవలెనా! మందు అవసరమైన అమెరికా గర్భిణులలో 2000లో నూటికి 7 మంది గ్లైబ్యురైడ్ పుచ్చుకొనగా, 2011 నాటికి ఆ సంఖ్య 64కు పైబడినది. పిదప మరింత సూక్ష్మమైన పరికరములతో చూడగా, తల్లి రక్తములో నున్న మందులో సగటున 70 శాతము బిడ్డ రక్తములో కనబడినది! లేదనుకొన్నది నిజముగా లేకపోవుట కాదు, పరికరమునకు అందకపోవుట. 2015లో పలు పరిశోధనలను ఒకచోట చేర్చి చూచినవారు, ఈ మాత్ర వాడిన తల్లుల బిడ్డలు ఎక్కువ బరువుతో పుట్టుటయు, పుట్టగనే చక్కెర పడిపోవుటయు అధికమని తేల్చిరి. 2018లో ఫ్రాన్సులో 914 మందిపై జరిగిన పరీక్షయు, ఇది ఇన్సులిన్ కంటె తీసిపోదని నిరూపింపజాలకపోయినది. ఒక్క పరిశోధన ఫలితముతో దేశమంతయు పరుగిడిన తీరు మాకు విస్మయము కలిగించుచున్నది.

మెట్‌ఫార్మిన్ కథ ఇంతకంటె మేలైనది. ఐరోపాలో గలేగా అను చిక్కుడు జాతి మొక్కను నాటువైద్యులు పూర్వమునుండి వాడెడివారు. ఆ మొక్కలోని పదార్థమునకు చుట్టరికము గల మందును 1922లో డబ్లిన్ నగరమున వెర్నర్, బెల్ అనువారు తయారు చేసిరి. 1957లో పారిస్ వైద్యుడు జాన్ స్టెర్న్ దానిని మధుమేహ రోగులకు ఇచ్చి గుణము చూపెను. ఐరోపాలో అప్పటినుండి వాడుక యున్నను, అమెరికా ప్రభుత్వము 1994 చివర గాని అనుమతింపలేదు. దాని దాయాది ఫెన్‌ఫార్మిన్ రక్తములో ఆమ్లమును పెంచి కొందరి ప్రాణములు తీయగా, 1970 దశకపు చివర అమెరికాలో దానిని నిషేధించిరి. ఆ భయము మెట్‌ఫార్మిన్‌ను చాలకాలము వెన్నాడినది. ఈ మాత్ర క్లోమమును కొరడాతో అదలించునది కాదు. కాలేయము విడుదల చేయు చక్కెరను తగ్గించి, ఇన్సులిన్ మాట శరీరము వినునట్లు చేయును. కనుక ఒంటరిగా వాడినపుడు చక్కెర మరీ పడిపోవుట అరుదు.

గర్భిణుల విషయమున దీనికి గట్టి పరీక్ష న్యూజీలాండు, ఆస్ట్రేలియా దేశములలో జరిగినది. 751 మంది స్త్రీలు పాల్గొనిరి. ఫలితము 2008లో వెలువడెను. శిశువులకు కలిగిన కష్టముల మొత్తము ఇరుపక్షములను సమానము. శిశువుకు చక్కెర తీవ్రముగా పడిపోవుట మాత్ర పుచ్చుకొన్నవారి బిడ్డలలోనే తక్కువ. నెలలు నిండక పుట్టుట మాత్రము వారిలో కొంత హెచ్చు. మరల గర్భము వచ్చినచో ఇదే వైద్యమును కోరుదురా యని అడుగగా, మాత్ర వారిలో నూటికి 77 మందియు, సూది వారిలో 27 మందియు కోరుదుమనిరి. ఇంతవరకు విన్నవారు ఇక సూది యెందులకందురు. కాని మాత్రతో ఆరంభించినవారిలో నూటికి 46 మందికి తుదకు ఇన్సులిన్ కూడ జతచేయవలసి వచ్చినది. ఈ రెండవ అంకెను మన బంధువులు ఒకరికొకరు చెప్పుకొనరు.

రెండవ సందేహము బిడ్డ భవిష్యత్తును గూర్చినది. మెట్‌ఫార్మిన్ మావిని సునాయాసముగ దాటును. పై పరీక్షలో పాల్గొన్న తల్లుల బిడ్డలను తరువాత పరిశీలింపగా, ఆక్లాండు నగరమున 9 ఏండ్ల వయస్సున మాత్ర పక్షపు పిల్లలు కొంత బరువుగా నుండిరి. అడిలైడ్ నగరమున 7 ఏండ్ల వయస్సున ఆ భేదము కానరాలేదు. అవయవ లోపములు కలుగునను భయమునకు ఆధారము లేదు. అయినను ఈ పిల్లలు నడివయస్సు చేరువరకు తుదిమాట చెప్పుట సాధ్యము కాదు.

అందుచేతనే దేశములు తమలో తాము విభేదించుచున్నవి. అమెరికా మధుమేహ సంఘమును, ప్రసూతి వైద్య మండలియు ఇన్సులిన్‌కే మొదటి పీట వేయుచున్నవి. అయినను ఆ దేశమందే మాతృశిశు వైద్యుల సంఘ మొకటి 2018లో, మెట్‌ఫార్మిన్ కూడ మొదటి మందుగా సమంజసమేనని ప్రకటించినది. ఇంగ్లండు మార్గదర్శకులు ఆహారనియమము చాలనిచో మెట్‌ఫార్మిన్ ఇండనియు, అదియు చాలనిచో ఇన్సులిన్ కలుపుడనియు చెప్పుచున్నారు. భారత ప్రభుత్వము 2018లో వెలువరించిన సూచనలలో 20వ వారము పిదప రెంటిలో ఏదైనను వాడవచ్చునని యున్నది. 2025 ఆరంభమున హాలండు దేశమువారు 820 మందిపై చేసిన పరీక్షను ప్రకటించిరి. మెట్‌ఫార్మిన్, చాలనిచో గ్లైబ్యురైడ్ కలిపి ఇచ్చుట ఒక పక్షము, ఇన్సులిన్ ఒక పక్షము. మాత్ర పక్షమున నూటికి 79 మందికి ఇన్సులిన్ అవసరమే కలుగలేదు. కాని అధిక బరువు గల బిడ్డలు 23.9 శాతము, ఇన్సులిన్ పక్షమున 19.9 శాతము. మాత్రలు తీసిపోవని చెప్పుటకు వీలు కలుగలేదు.

ఇక బెంటన్‌విల్ సంగతి. 2006 సెప్టెంబరులో వాల్‌మార్ట్ సంస్థ ఫ్లోరిడాలో మొదలిడి, కొద్ది వారములలో దేశమంతటను, ఒక నెల మాత్రలు 4 డాలర్లకు అమ్ము పథకము ప్రవేశపెట్టెను. మెట్‌ఫార్మిన్, గ్లైబ్యురైడ్ రెండును ఆ జాబితాలో నుండెను. ఇన్సులిన్ ధర వేరు. 2021లో అదే సంస్థ తన సొంత పేరుతో కొత్తరకపు ఇన్సులిన్‌ను చౌకగా నిచ్చుచున్నామని ప్రకటించినపుడు సీసా ధర 72 డాలర్ల 88 సెంట్లు. అమెరికాలో అమ్ముడగు మెట్‌ఫార్మిన్‌లో పెద్దభాగము భారతదేశమున తయారగునదియే, హైదరాబాదు ప్రాంతపు కర్మాగారములును అందులో గలవు. మన ఊరి మాత్ర సముద్రములు దాటి మన ఆడపడుచు చేతికే చేరుచున్నదన్నమాట. శీతలపెట్టె అక్కరలేదు, సూది అక్కరలేదు. చౌకయగుట గొప్ప సుగుణమే. బీమా లేని బీదరాలికి అందని ఇన్సులిన్ కంటె అందిన మాత్ర మేలు. కాని బీమా యుండి, సూది భయముచే మాత్రమే మాత్ర కోరువారు, పై 46 శాతమును తలచి, అవసరమైన నాడు సూదికి ఒప్పుకొనుటకు సిద్ధపడియే మాత్ర మొదలిడవలెను.

ముందే మధుమేహము గలవారి మార్గము వేరు. వారికి గర్భము నిలుచుటకు ముందే డాక్టరుతో ఆలోచన అవసరము. అండకోశములలో నీటిబుడగల వ్యాధికి మెట్‌ఫార్మిన్ మ్రింగుచు గర్భము ధరించు యువతులు మనలో చాలమంది గలరు. వారు మొదటి మూడు నెలలు ముగియునప్పటికి దానిని మానవలెనని అమెరికా మధుమేహ సంఘము చెప్పుచున్నది. బరువు తగ్గుటకును, చక్కెరకును నేడు ప్రచారములో నున్న సెమగ్లుటైడ్ మందును, సూదియైనను మాత్రయైనను, గర్భము కోరుటకు రెండు నెలలు ముందుగనే ఆపవలెను. మూత్రము ద్వారా చక్కెరను పంపివేయు కొత్త మాత్రలును గర్భిణికి తగవు.

కాన్పు పిదప

మావి వెలువడిన కొద్ది గంటలలోనే గర్భకాల మధుమేహము చాలమందికి వెనుకకు తగ్గును. మందు ఆపివేయుదురు. ‘చక్కెర పోయినదమ్మా’ అని ఇంటిల్లిపాది సంతోషింతురు. ఆంధ్రదేశము నుండి ఆరునెలల అనుమతిపై వచ్చిన అమ్మమ్మగారు బాలింతకు కాయము, నేయి, వెల్లుల్లి కారము సిద్ధము చేయుటలోను, మనుమని నలుగుపెట్టి స్నానము చేయించుటలోను మునిగియుందురు. శిశువు టీకాల తేదీలు గోడపై వ్రాసి యుండును. తల్లి పరీక్ష తేదీ యెక్కడను వ్రాసి యుండదు.

ఆ పరీక్ష కాన్పు అయిన 4 వారములు మొదలు 12 వారముల లోపల జరుగవలసినది. పరగడుపున 75 గ్రాముల గ్లూకోజు త్రాగి రెండు గంటలకు చూచుకొనుట. పరగడుపున 126 గాని, రెండు గంటలకు 200 గాని దాటినచో మధుమేహము నిలిచిపోయినట్లు. రెండు గంటలకు 140 నుండి 199 వరకున్నచో హద్దుమీద నున్నట్లు. మూడు నెలల సగటు చెప్పు పరీక్ష ఈ సమయమున నమ్మదగినది కాదు, కాన్పులో రక్తము పోవుటచే లెక్క తప్పును. అమెరికాలో పెక్కు పరిశీలనలయందు సగముమంది తల్లులు కూడ ఈ పరీక్షకు రాలేదు. ఇంతకంటె విచారకరమైన సంగతి ఈ వ్యాసమున మరియొకటి లేదు. ఏలయన, 2020లో వెలువడిన సమీక్ష ప్రకారము, గర్భకాల మధుమేహము వచ్చిన స్త్రీకి తరువాత శాశ్వత మధుమేహము వచ్చు అవకాశము ఇతరులకంటె సుమారు పది రెట్లు. ఓసల్లివన్‌గారి అంకెలు మొదటినుండి చెప్పుచున్నది ఇదియే.

ఈ దశలోనే మాత్ర విలువ బయటపడును. 2002లో ప్రకటింపబడిన అమెరికా మధుమేహ నివారణ పరీక్షలో హద్దుమీద నున్నవారు 3,234 మంది పాల్గొనిరి. వారిలో 350 మంది పూర్వము గర్భకాల మధుమేహము అనుభవించిన స్త్రీలు. సాధారణముగా మెట్‌ఫార్మిన్ వ్యాధిని 31 శాతము తగ్గింపగా, ఈ 350 మందిలో సుమారు 50 శాతము తగ్గించెను. ఆహారవ్యాయామ నియమము తగ్గించినదియు ఇంచుమించు అంతియే. బిడ్డలను కన్నను ఈ మధుమేహము రాని స్త్రీలలో మాత్ర వలన 14 శాతమే తగ్గినది. అనగా ఈ మాత్ర ప్రత్యేకముగా మేలుచేయునది ఈ తల్లులకే! పది సంవత్సరముల పిదప చూచినను మాత్ర వలన 40 శాతము, నియమము వలన 35 శాతము తగ్గుదల నిలిచి యుండెను. మద్రాసులో రామచంద్రన్‌గారు 531 మంది భారతీయులపై చేసి 2006లో ప్రకటించిన పరీక్షలో, దినమునకు 500 మిల్లీగ్రాముల స్వల్ప మోతాదుననే 26 శాతము తగ్గినది. నియమము వలన 28 శాతము.

నడక, ఆహారము ఉండగా మాత్ర యెందుకని కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాని భారత, బంగ్లాదేశ్, సింహళ దేశములలో సుమారు 1,600 మంది బాలింతలకు ఇట్టి నియమములు బోధించి చూచి, 2022లో ప్రకటించిన ఫలితము నిరాశ కలిగించినది. బోధ విన్నవారికిని, విననివారికిని చెప్పుకోదగిన భేదము లేదు. చంటిబిడ్డతో రాత్రులు నిద్రలేని తల్లికి వ్యాయామము బోధించుట సులభము, చేయుట కష్టము. మెట్‌ఫార్మిన్‌ను నివారణకై వాడుటకు అమెరికా ఔషధశాఖ ఆమోదముద్ర లేదు. డాక్టరు తన విచక్షణతో వ్రాయవలసినదే. పరీక్షలో హద్దుమీద ఉన్నవారికే ఇది, అంకెలు బాగుగ నున్నవారికి కాదు.

పాలిచ్చు తల్లులు భయపడనక్కరలేదు. మెట్‌ఫార్మిన్ చనుబాలలోనికి పోవునది, తల్లి మోతాదును బరువునుబట్టి లెక్కించినచో, నూటికి ఒక వంతు కూడ కాదు. నెలలు నిండక పుట్టిన శిశువును, మూత్రపిండముల లోపమున్న శిశువును గూర్చి మాత్రము డాక్టరును ప్రత్యేకముగా అడుగవలెను. పాలిచ్చుటయే తల్లికి ఒక రక్ష. కాలిఫోర్నియాలో 1,035 మంది ఇట్టి తల్లులను రెండేండ్లు గమనించి 2015లో ప్రకటింపగా, పది నెలలకు మించి పాలిచ్చినవారిలో మధుమేహము సగమే.

మాత్రకు ఖర్చు లేకపోలేదు. మొదట కడుపులో వికారము, విరేచనములు కలుగవచ్చును. భోజనముతో స్వల్పముగా మొదలిడి పెంచిన తగ్గును. చిరకాలము వాడినచో బి12 విటమిను తగ్గును. మాంసము, గ్రుడ్లు ముట్టని మన ఇండ్లలో అది ముందే కొరత. కావున ఏడాదికొకసారి ఆ పరీక్షయు చేయించుకొనవలెను. (గర్భిణులందరు మ్రింగు ఫోలిక్ యాసిడ్ వెనుక భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి గలదని ప్రసంగవశమున తెలుపుచున్నాము.) మూత్రపిండములు దెబ్బతిన్నవారికి ఈ మాత్ర తగదు.

బెంటన్‌విల్‌కు కొద్ది మైళ్ళ దూరమున స్ప్రింగ్‌డేల్ అను పట్టణమున మార్షల్ దీవులనుండి వచ్చిన ప్రజలు వేలకొలది నివసించుచున్నారు. అణ్వస్త్ర పరీక్షల పిదప కొబ్బరి, చేపల తిండి పోయి, దిగుమతియైన తెల్లబియ్యము, డబ్బాల మాంసము వారి ఆహారమైనది. వారిలో మధుమేహము మిక్కిలి ప్రబలినది. చెరకు నరుకుటకై 1860లో నటాలునకు పోయిన మనవారి సంతతికి చక్కెర వ్యాధి సంక్రమించిన తీరు తెలిసినవారికి ఇది క్రొత్త కథ కాదు. 2025 జూలైలో బెంటన్‌విల్‌లోనే క్రొత్త వైద్య కళాశాల 48 మంది విద్యార్థులతో ఆరంభమైనది. ఆహారమును గూర్చిన చదువునకు అందు ప్రత్యేక స్థానమిచ్చిరి.

తుదకు ఒక ఉపయోగకరమైన విషయము. చంటిబిడ్డను చూపుటకై స్వదేశమునకు ప్రయాణమగు తల్లికి 12 వారముల గడువు దారిలో దాటిపోవును. అట్టివారు గర్భకాలపు పరీక్షాపత్రములను వెంట నుంచుకొని, ఆంధ్రదేశముననే ఆ పరీక్ష చేయించుకొనవచ్చును. అమెరికా, భారతదేశముల కొలత ఒకటియే గనుక అంకెలు మార్చనక్కరలేదు. పరీక్ష బాగుగ నున్నను, ఒకటి మొదలు మూడేండ్ల కొకసారి జీవితాంతము చూచుకొనవలెను. మన తోటల సీమ ఆస్పత్రులలో మిల్లీమోల్ అను కొలత వాడుచున్నచో, పై అంకెలను 18చే భాగించవలెను. 95 అనగా 5.3, 120 అనగా 6.7, 126 అనగా 7.0, 140 అనగా 7.8, 200 అనగా 11.1.